మూడు తాళ్లకు వేలాడే మోటారు: ఒక తాడు తన్యత రుణాత్మకంగా ఎందుకు వచ్చింది

మీరు పర్లాకిమిడి నుంచి రాసిన ప్రశ్నను, దానితో పాటు పంపిన లెక్కను రెండుసార్లు చదివాను. ఇతర విద్యార్థులు కూడా చదువుతారు కాబట్టి ముందుగా ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. గుణుపురంలో మీ మేనమామ గారి రైసుమిల్లులో 240 కేజీల మోటారును ఒక రింగుకు తగిలించి, ఆ రింగును మూడు వైరు తాళ్లతో ట్రస్సుకు (కప్పును మోసే చట్రానికి) ఉన్న మూడు హుక్కులకు వేలాడదీశారు. షెడ్డు నైరుతి మూలను మూలబిందువుగా తీసుకుని, తూర్పుకు, ఉత్తరానికి, పైకి వరుసగా మీటర్లలో కొలిచి, రింగు (4, 5, 2) దగ్గర, క అనే హుక్కు (5, 6.5, 5) దగ్గర, గ హుక్కు (1, 6.5, 5) దగ్గర, చ హుక్కు (5.5, 2, 5) దగ్గర ఉన్నాయని రాశారు. మీ లెక్కలో తన్యత, అంటే తాడు లాగే బలం, మొదటి రెండు తాళ్లకు చెరి 105 కేజీలు, మూడవ దానికి మైనస్ 120 కేజీలు వచ్చాయి. మీ మామయ్య గారు 240ని మూడుతో భాగిస్తే తలా 80 అంటున్నారు. మిల్లు మేస్త్రి గారు పొడవైన తాడే ఎక్కువ మోస్తుందంటున్నారు. ఈ మూడింటిలో ఏది సరైనదో, మైనస్ గుర్తుకు అర్థమేమిటో చెప్పమన్నారు. చివర్లో మీ పెరటిలోని స్తంభం గురించి వేరే ప్రశ్న అడిగారు. దానికి కూడా సమాధానం ఇస్తాను.

మీ సమీకరణాల సాధనలో ఒక్క తప్పు కూడా లేదు. తప్పు దానికంటే ముందు, చ తాడు దిశను రాసిన ఒక్క వరుసలో ఉంది. క, గ తాళ్లకు మీరు హుక్కు నిరూపకాల నుంచి రింగు నిరూపకాలను తీసివేశారు. చ తాడు దగ్గరికి వచ్చేసరికి రింగు నుంచి హుక్కును తీసివేసి (−1.5, 3, −3) అని రాశారు. ఈ సదిశ (దిశ, పరిమాణం రెండూ ఉన్న రాశి) హుక్కు నుంచి కిందికి, రింగు వైపుకు చూస్తోంది. మనం సమతాస్థితిని రాస్తున్నది రింగుకు. రింగు మీద తాడు చూపే బలం ఎప్పుడూ రింగు నుంచి బయలుదేరి హుక్కు వైపుకే ఉంటుంది, ఎందుకంటే తాడు లాగగలదే కానీ నెట్టలేదు. దిశ తిరగబడినప్పుడు సమీకరణాలు దానికి సరిపడేలా తన్యత గుర్తును కూడా తిప్పుతాయి. అందుకే మీకు పరిమాణం సరిగ్గా 120 వచ్చి, గుర్తు మాత్రం మైనస్ అయింది. ఒకే తాడుకు రుణాత్మక విలువ వచ్చి, మిగిలినవి సవ్యంగా కనిపించినప్పుడు అన్నిటికంటే ముందు ఆ తాడు సదిశ ఎటు చూస్తోందో పరిశీలించండి. నేను రాయగడ ప్రాంతంలో ఇరవై ఏళ్లకు పైగా బరువులు ఎత్తే పనులు చేయించి, ఆ తరువాత డిప్లొమా విద్యార్థులకు పాఠాలు చెప్పాను. ఈ లెక్కలో నేను దిద్దిన తప్పుల్లో అత్యధిక భాగం ఈ ఒక్కచోటే జరిగాయి.

ఇప్పుడు లెక్కను మొదటి నుంచి చేద్దాం. రింగు నుంచి హుక్కులకు సదిశలు ఇవి: క వైపు (1, 1.5, 3), గ వైపు (−3, 1.5, 3), చ వైపు (1.5, −3, 3). వీటి పొడవులు వరుసగా 3.5, 4.5, 4.5 మీటర్లు. ఒక్కొక్క సదిశను దాని పొడవుతో భాగిస్తే పొడవు ఒకటిగా ఉండే ఏకాంక సదిశ వస్తుంది. క తాడుకు (2/7, 3/7, 6/7), గ తాడుకు (−2/3, 1/3, 2/3), చ తాడుకు (1/3, −2/3, 2/3). చాలామంది ఈ మెట్టును యాంత్రికంగా దాటేస్తారు, కానీ లెక్క ప్రాణమంతా ఇక్కడే ఉంది. పొడవుతో భాగించగానే మీటర్లు మాయమై, దిశ ఒక్కటే మిగులుతుంది. మీ షెడ్డు కొలతలన్నీ రెట్టింపయినా, తాళ్లు ఏడు మీటర్లు, తొమ్మిది మీటర్లు అయినా, ఈ ఏకాంక సదిశలు మారవు, కాబట్టి తన్యతలు కూడా మారవు. తాడు పొడవు నేరుగా తన్యతను నిర్ణయించదు. తాడు ఎటు చూస్తోందన్నదే నిర్ణయిస్తుంది. మేస్త్రి గారి మాటకు సగం సమాధానం ఇక్కడే దొరుకుతుంది, మిగతా సగం అంకెలు వచ్చాక చూద్దాం.

క, గ, చ తాళ్ల తన్యతలను త1, త2, త3 అనుకుందాం. మిల్లులో అందరూ బరువును కేజీల్లోనే మాట్లాడతారు కాబట్టి బలాలను కూడా కేజీల్లోనే ఉంచి, చివర్లో న్యూటన్లలోకి మారుద్దాం. రింగు కదలడం లేదంటే తూర్పు పడమరల దిశలో బలాల మొత్తం సున్నా, ఉత్తర దక్షిణాల దిశలో సున్నా, నిలువు దిశలో తాళ్లు పైకి లాగే మొత్తం మోటారు భారానికి సమానం. మీ కళాశాలలో అక్షాలకు అక్షరాలు పెట్టి చెబుతారని నాకు తెలుసు. అయినా షెడ్డులో నిలబడి లెక్క చేసేటప్పుడు తూర్పు, ఉత్తరం, పైకి అని అనుకుంటేనే గుర్తుల తప్పులు తగ్గుతాయని నా అనుభవం.

తూర్పు: (2/7)త1 − (2/3)త2 + (1/3)త3 = 0
ఉత్తరం: (3/7)త1 + (1/3)త2 − (2/3)త3 = 0
పైకి: (6/7)త1 + (2/3)త2 + (2/3)త3 = 240

మూడింటినీ 21తో గుణిస్తే భిన్నాలు పోతాయి. మొదటిది 6త1 − 14త2 + 7త3 = 0 అవుతుంది. రెండవది 9త1 + 7త2 − 14త3 = 0. మూడవది 18త1 + 14త2 + 14త3 = 5040. మొదటిదానికి రెండవదాని రెట్టింపు కలిపితే త2 తొలగిపోయి 24త1 = 21త3 వస్తుంది, అంటే 8త1 = 7త3. మొదటిదాన్ని మూడవదానికి కలిపినా త2 తొలగిపోతుంది, 24త1 + 21త3 = 5040 మిగులుతుంది, దీన్ని 3తో భాగిస్తే 8త1 + 7త3 = 1680. ఈ రెండింటి నుంచి 16త1 = 1680, కాబట్టి త1 = 105, త3 = 120. మొదటి సమీకరణంలో ప్రతిక్షేపిస్తే త2 కూడా 105. న్యూటన్లలో కావాలంటే 9.81తో గుణించండి: సుమారు 1030, 1030, 1177.

జవాబు వచ్చింది కదా అని కాగితం మడిచేయకండి. తన్యతలను తిరిగి అంశాలుగా విడగొట్టి చూడడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. పైకి లాగే భాగాలు క తాడుకు 90, గ తాడుకు 70, చ తాడుకు 80, మొత్తం 240. తూర్పు వైపుకు క 30, చ 40 లాగుతుంటే, గ ఒక్కటే పడమరకు 70 లాగుతోంది. ఉత్తరానికి క 45, గ 35 లాగుతుంటే, దక్షిణానికి చ 80 లాగుతోంది. ఎక్కడా ఏమీ మిగల్లేదు, కాబట్టి లెక్క సరిపోయింది.

ఈ అంకెలతోనే మీ మామయ్య గారికి, మేస్త్రి గారికి సమాధానం చెప్పవచ్చు. తన్యతల మొత్తం 105, 105, 120 కలిపి 330 కేజీలు. మోటారు బరువు 240 మాత్రమే. మిగిలిన 90 ఎక్కడి నుంచి వచ్చిందని వారు తప్పకుండా అడుగుతారు. తాళ్లు ఏటవాలుగా ఉన్నప్పుడు వాటి శ్రమలో కొంత భాగం ఒకదాన్నొకటి పక్కకు లాగుకోవడానికే ఖర్చవుతుంది. ఆ పక్క లాగుళ్లు రింగు దగ్గర రద్దయిపోతాయి కానీ తాళ్ల లోపల మాత్రం రద్దు కావు. మూడు తాళ్లూ నిట్టనిలువుగా, సమాన దూరాల్లో ఉంటే మామయ్య గారు చెప్పిన 80 నిజమే అవుతుంది. ఇక మేస్త్రి గారి సూత్రం సంగతి చూస్తే, క తాడు గ కంటే పూర్తిగా ఒక మీటరు పొట్టిది, అయినా రెండింటి తన్యతా ఒక్కటే. గ, చ తాళ్ల పొడవులు సమానం, అయినా వాటి తన్యతలు వేరు. మోటారు బరువులో పెద్ద వాటా, అంటే 90 కేజీలు, మోస్తున్నది అన్నిటికంటే పొట్టి తాడు.

ఆ వాటాలను సమీకరణాలు లేకుండా నేల మీదే కనుక్కునే పద్ధతి ఒకటుంది. హుక్కులు మూడూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు మాత్రమే అది పనికివస్తుంది. మీ హుక్కులన్నీ 5 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి కాబట్టి ఈ ఆదివారం మిల్లు ఆగినప్పుడు చేసి చూడండి. ఒక్కొక్క హుక్కు నుంచి దారానికి కట్టిన తూకపు గుండును వదిలి, గుండు మొన తాకబోయే చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. రింగు నుంచి కూడా అలాగే వదిలి నాలుగో గుర్తు పెట్టండి. మూడు హుక్కుల గుర్తులను గీతలతో కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. మీ కొలతల ప్రకారం దాని భూమి 4 మీటర్లు, ఎత్తు 4.5 మీటర్లు, వైశాల్యం 9 చదరపు మీటర్లు. రింగు గుర్తును మూడు మూలలకు కలిపితే అది మూడు చిన్న త్రిభుజాలుగా చీలుతుంది. చ మూలకు ఎదురుగా ఉన్న చిన్న త్రిభుజం వైశాల్యం 3, క మూలకు ఎదురుగా ఉన్నదాని వైశాల్యం 3.375, గ మూలకు ఎదురుగా ఉన్నదాని వైశాల్యం 2.625. వీటిని 9తో భాగించి 240తో గుణిస్తే 80, 90, 70 వస్తాయి. ఆ వాటాను తాడు పొడవుతో గుణించి, నిలువు ఎత్తు 3 మీటర్లతో భాగిస్తే తన్యత వస్తుంది. క తాడుకు 90ని 3.5తో గుణించి 3తో భాగించండి, 105 వస్తుంది. ఈ సుద్ద గీతల లెక్క చూశాక చాలామంది మేస్త్రీలకు సదిశల మీద గురి కుదిరింది. రింగు గుర్తు ఏ మూలకు దగ్గరగా ఉంటే ఆ మూలకు ఎదురు త్రిభుజం పెద్దదవుతుందని, అందుకే ఆ తాడుకు బరువులో ఎక్కువ వాటా పడుతుందని కంటికే కనిపిస్తుంది.

ఆ పటంలోనే రుణాత్మక విలువకు రెండో అర్థం కూడా ఉంది. రింగు గుర్తు త్రిభుజానికి బయట పడితే ఎదురు త్రిభుజాల్లో ఒకదాని వైశాల్యం రుణాత్మకమవుతుంది. అప్పుడు మీరు సదిశలన్నీ సరైన దిశలోనే రాసినా ఒక తన్యత మైనస్‌గానే వస్తుంది. అది లెక్కలో తప్పు కాదు, ఆ తాడు వదులైపోతుందని, మోటారు ఊగి మిగిలిన రెండు తాళ్ల నిలువు తలంలోకి వెళ్లి ఆగుతుందని సమీకరణాలు చెబుతున్న కబురు. అప్పుడు ఆ తాడును తీసేసి, రింగు కొత్త స్థానాన్ని కనుక్కుని మళ్లీ లెక్క వేయాలి. కాబట్టి మైనస్ కనిపించినప్పుడు మొదట సదిశ దిశను చూడండి, అది సవ్యంగా ఉంటే తరువాత త్రిభుజాన్ని చూడండి.

పరీక్షలో ఒక్క తాడు తన్యతే అడిగినప్పుడు మూడు సమీకరణాలనూ సాధించవలసిన పని లేదు. మనకు అక్కరలేని రెండు తాళ్ల తలానికి అభిలంబంగా ఉన్న ఒక సదిశను సదిశా లబ్ధంతో (క్రాస్ ప్రొడక్ట్) కనుక్కుని, సమతాస్థితి సమీకరణాన్ని ఆ అభిలంబంతో అదిశా లబ్ధం (డాట్ ప్రొడక్ట్) చేస్తే, ఆ రెండు తాళ్లూ ఒక్క దెబ్బకు మాయమవుతాయి. చ తాడునే తీసుకుందాం. క తాడు దిశ (2, 3, 6), గ తాడు దిశ (−2, 1, 2). వీటి సదిశా లబ్ధం (0, −16, 8), అంటే దిశ (0, −2, 1). దీనితో చ తాడు ఏకాంక సదిశకు అదిశా లబ్ధం 4/3 + 2/3, అంటే 2. నిట్టనిలువు ఏకాంక సదిశకు అదిశా లబ్ధం 1. కాబట్టి 2త3 = 240, త3 = 120. ఒకే వరుసలో అయిపోయింది. క తాడు కోసం మిగిలిన రెండింటి అభిలంబం (2, 2, 1) అని మీరే కనుక్కుని, 16/7 రెట్లు త1 = 240 అని సరిచూసుకోండి. పుస్తకాల్లో అదిశా త్రిక లబ్ధమని, నిర్ధారకమని, క్రామర్ నియమమని విడివిడిగా చెప్పేవన్నీ లోలోపల ఈ పనే చేస్తాయి. ఆ నిర్ధారకం, అంటే మూడు తాళ్ల దిశల అంకెలతో కట్టే ఒకే విలువ, సున్నా అయిందంటే మూడు తాళ్లూ ఒకే తలంలో ఉన్నాయని అర్థం. అది సున్నాకు దగ్గరగా ఉన్నా జాగ్రత్త పడాలి, ఎందుకంటే అప్పుడు టేపు కొలతలో రెండు సెంటీమీటర్ల తేడా కూడా తన్యతల్లో పెద్ద తేడాగా బయటపడుతుంది.

మీ కాగితం అంచున లామీ సిద్ధాంతం రాసి కొట్టేశారు. కొట్టేయడమే సరైనది. ఆ సిద్ధాంతం ఒకే తలంలో, ఒకే బిందువు దగ్గర కలిసే మూడు బలాలకు మాత్రమే వర్తిస్తుంది. ఇక్కడ మోటారు భారంతో కలిపి నాలుగు బలాలున్నాయి, అవి ఒకే తలంలో లేవు.

ఏటవాలు గురించి నేను ఇంతగా నొక్కి చెప్పడానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం రాయగడకు దగ్గరలోని ఒక కర్మాగారంలో గేర్ బాక్సును దింపే పనికి నేను వెళ్లేసరికి రెండు తాళ్లు ట్రస్సుకు కట్టి ఉన్నాయి. మూడవ హుక్కు లేకపోవడంతో మూడవ తాడును పక్కనున్న ఇనుప స్తంభానికి, దాదాపు అడ్డంగా, నేలతో పది డిగ్రీల కోణంలో కట్టారు. ఆ తాడు మీద పడేది ముప్ఫై కేజీలే కదా అని సన్న తాడు వాడారు. పైకి లాగే భాగం 30 కేజీలు కావాలంటే పది డిగ్రీల కోణంలో ఉన్న తాడులో 30ని 0.174తో భాగించినంత, అంటే 170 కేజీలకు పైగా తన్యత ఉండాలి. నేను లెక్క చెప్పి ఆపించేలోగా ఆ తాడు తెగి, గేర్ బాక్సు ఊగి గోడకు కొట్టుకుని షాఫ్టు వంగింది. మనుషులకు ఏమీ కాలేదు. మూడు తాళ్లు సౌష్ఠవంగా ఉంటే ఒక్కొక్కదాని తన్యత భారంలో మూడో వంతును కోణపు సైనుతో భాగించినంత ఉంటుంది. మీ 240 కేజీలకే చూడండి: నేలతో అరవై డిగ్రీల కోణంలో 92 కేజీలు, నలభై ఐదులో 113, ముప్ఫైలో 160, పదిహేనులో 309. ముప్ఫై డిగ్రీల కంటే తక్కువ కోణంలో తాడు కట్టవలసి వస్తే పని ఆపి, హుక్కు స్థానం మార్చడమే మంచిది.

నాలుగో తాడు కడితే భద్రత పెరుగుతుందా అని కూడా అడిగారు. పెరుగుతుందని లెక్క చెప్పదు. బిందువు సమతాస్థితికి మూడు సమీకరణాలే ఉంటాయి. నాలుగు తెలియనివి ఉంటే, తాళ్లు ఎంత సాగుతాయో, ఏ తాడు కొన్ని మిల్లీమీటర్లు పొట్టిగా ఉందో తెలియనిదే వాటాలు తేలవు. వైరు తాడు చాలా తక్కువ సాగుతుంది కాబట్టి కాస్త పొడవుగా ఉన్నది వదులుగా వేలాడుతూ, భారమంతా మిగిలినవాటి మీద పడవచ్చు. అందుకే బరువులెత్తే పనుల్లో నాలుగు కాళ్ల స్లింగుకు (బరువును తగిలించే తాళ్ల కట్టుకు) కూడా మూడు కాళ్ల స్లింగుకున్న సామర్థ్యాన్నే లెక్కగడతారు. అందులోనూ జాగ్రత్తగా ఉండే పనివారు రెండు కాళ్లే మోస్తున్నాయనుకుని తాడు ఎంచుకుంటారు.

ఇంతవరకూ తాళ్లను సరళరేఖలుగా భావించాం. ఎనిమిది మిల్లీమీటర్ల వైరు తాడు మీటరుకు సుమారు పావు కేజీ తూగుతుంది. మీ మూడు తాళ్లూ కలిపి పన్నెండున్నర మీటర్లు, అంటే మూడు కేజీల చిల్లర. 240 ముందు దాన్ని వదిలేయవచ్చు. రాయగడ దగ్గర నాగావళి మీదున్న చెకాగూడ వేలాడే వంతెన తాళ్లకు ఈ ఊహ చెల్లదు. అక్కడ తాడు పొడవునా నడకదారి బరువు పడుతుంది కాబట్టి తాడు వంపు తిరుగుతుంది, తన్యత చోటుకొకలా మారుతుంది. ఆ లెక్క వేరు. మీ మోటారు విషయంలో 120 కేజీల తన్యతకు స్లింగులకు సాధారణంగా వాడే అయిదు రెట్ల భద్రతా గుణకం పెడితే 600 కేజీల తెగు బలం కావాలి. ఎనిమిది మిల్లీమీటర్ల మంచి ఉక్కు తాడు తెగు బలం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అయితే కొన దగ్గర క్లాంపులు తిరగబడి ఉంటే ఆ బలం మీకు దక్కదు. క్లాంపులోని గాడి ఉన్న దిమ్మ భారం మోసే తాడు మీద, యు ఆకారపు బోల్టు మడిచిన కొన మీద ఉండాలి. మీరు పంపిన ఫోటోలో చ తాడు క్లాంపుల్లో ఒకటి తిరగబడి కనిపిస్తోంది. మోటారును కిందికి దింపాక దాన్ని సరిచేయించండి.

ఇక మీ పెరటి స్తంభం సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎంతగా నష్టపరిచిందో ఆ రాత్రిని చూసిన మీకు నేను చెప్పనక్కరలేదు. అప్పుడు పడిపోయిన స్తంభం స్థానంలో కొత్తది నిలబెట్టి, 12 మీటర్ల ఎత్తున మూడు స్టే వైర్లు (స్తంభం ఒరగకుండా పట్టి ఉంచే ఏటవాలు తీగలు) కట్టి, వాటిని అడుగు నుంచి 9 మీటర్ల దూరంలో 120 డిగ్రీల ఎడంగా నేలలో పాతాలనుకుంటున్నారు. ఏ వైరు లావుగా ఉండాలన్నది మీ ప్రశ్న. 12, 9 అంటే వైరు పొడవు 15. వైరు తన్యతలో 0.6 వంతు అడ్డంగా, 0.8 వంతు కిందికి పనిచేస్తుంది. గాలి బలమంతా పైనున్న రింగు దగ్గర 3000 న్యూటన్లుగా పడుతోందని, వైర్లను ముందుగా బిగించిన తన్యత స్వల్పమని అనుకుందాం.

గాలి సరిగ్గా ఒక వైరు వైపు నుంచి వీస్తే ఆ ఒక్క వైరే మోస్తుంది. మిగిలిన రెండూ గాలి మరుగున వదులవుతాయి, వాటి తన్యతను సున్నాగా తీసుకోవాలి. అప్పుడు 0.6 రెట్ల తన్యత 3000కు సమానం, అంటే 5000 న్యూటన్లు. గాలి రెండు వైర్ల నడిమధ్య నుంచి వీస్తే ఆ రెండూ అడ్డుపడతాయి. ఒక్కొక్కటి గాలి దిశకు అరవై డిగ్రీల పక్కగా ఉంది, దాని కొసైను సగం, కాబట్టి ఒక్కొక్కదానిలో మళ్లీ 5000 న్యూటన్లే. ఇద్దరు పంచుకున్నా ఒక్కొక్కరి శ్రమ తగ్గకపోవడం మొదటిసారి చూసిన ఎవరికైనా ఆశ్చర్యమే. ఈ రెండు దిశల మధ్యలో, ఒక వైరుకు ముప్ఫై డిగ్రీల పక్క నుంచి గాలి వీచినప్పుడు ఆ వైరు తన్యత అత్యధికమై 5774 న్యూటన్లకు చేరుతుంది. అప్పుడు గాలి దిశకు రెండో వైరు లంబంగా ఉంటుంది కాబట్టి గాలికి ఎదురు నిలవడంలో అది ఏ సాయమూ చేయదు. పైగా మొదటి వైరు పక్కకు లాగే లాగుడును రద్దు చేయడానికి తాను కూడా బిగుసుకుంటుంది. తుపాను గాలి గంటగంటకూ దిశ మార్చుకుంటుంది కాబట్టి మూడు వైర్లనూ 5774కే, దానికి భద్రతా గుణకం కలిపి, ఒకే లావుతో ఎంచుకోండి. గాలికి ముందే వైర్లను గట్టిగా బిగిస్తే ఆ తన్యత ప్రభావాన్ని కూడా కలుపుకోవాలి.

అయితే మీరు అడగని విషయం ఒకటి ఈ లెక్కలోనే ఉంది. వైర్లు కిందికి లాగే 0.8 వంతు స్తంభం మీద నొక్కుడుగా పడుతుంది. ఒక వైరు మోసినప్పుడు అది 4000 న్యూటన్లు. రెండు వైర్లు చెరి 5000 మోసినప్పుడు 8000. వైర్ల తన్యత అంతే ఉన్నా, స్తంభం మీద నొక్కుడు మాత్రం రెట్టింపయింది. పన్నెండు మీటర్ల సన్నని గొట్టం అంత నొక్కుడుకు తెగదు, విరగదు, నడుము దగ్గర విల్లులా వంగిపోతుంది. తిత్లీ తరువాత తీసిన ఫోటోలో మీ పాత స్తంభం వైర్లు మూడూ చెక్కుచెదరకుండా ఉండి, గొట్టం మాత్రం మధ్యలో మడతపడి కనిపిస్తోంది. కాబట్టి కొత్తదానికి వైరు లావు పెంచడానికి పెట్టదలచిన ఖర్చును గొట్టం వ్యాసం పెంచడానికి పెట్టండి. సగం ఎత్తులో, 6 మీటర్ల దగ్గర, ఇంకో వరుస స్టే వైర్లు కట్టించండి. అడుగున 8000 న్యూటన్లకు స్తంభం సొంత బరువును కలిపి మోయగల కాంక్రీటు దిమ్మ పోయించండి.